సీటు సందులో పడ్డ ఫోను

మెదక్‌లో బస్టాండు నుంచి చౌరస్తాకు వచ్చే దారిలో మాది విత్తనాలు, ఎరువుల దుకాణం. మా దుకాణంలో ఫోను కాలిన రోజు రోహిణి కార్తె నడుస్తోంది. ఆకాశం ఉరిమి ఊరుకుంటోంది తప్ప చినుకు లేదు. రైతులు మాత్రం ముందుగానే వచ్చి గింజలు పట్టుకుపోతున్నారు. మధ్యాహ్నం అన్నం తిని వచ్చి, ఫోను కౌంటర్ మీద చార్జింగుకు పెట్టి, లోపల గోదాములో మక్క విత్తనాల సంచులు సర్దుతున్నాను. శంకరంపేట దిక్కు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ పత్తి గింజల కోసం కౌంటర్ ముందు నిలబడి ఉంది.

"బిడ్డా, నీ ఫోను పొంగుతుంది సూడు" అంది.

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని చెప్పినంత మామూలుగా చెప్పింది. ఎవరో ఫోన్ చేస్తున్నారని అంటోందేమో అనుకున్నాను.

"మళ్ల నేనే జేస్తనని చెప్పమ్మా" అన్నాను లోపలి నుంచే.

"మాట్లాడుడు గాదు బిడ్డా, పొగొస్తుంది!"

బయటికి వచ్చేసరికి ఫోను పూరీలా ఉబ్బి ఉంది. పక్కల నుంచి తెల్లటి పొగ సన్నగా లేస్తోంది. గోళ్ళ రంగు సీసా మూత తీసినప్పుడు వచ్చే తియ్యటి వాసన. ప్లగ్గు పీకేశాను. అంతే, బుస్సుమని ఒక పక్క నుంచి మంట చిమ్మింది. పక్కనే గింజల ప్యాకెట్లు, పైన అరలో పురుగుమందు డబ్బాలు. హమాలీలు వాడే ఇనుప తట్ట గోడకు ఆనించి ఉంటే దాన్ని తెచ్చి, ఫోన్ను అట్టముక్కతో అందులోకి నెట్టి, రోడ్డు మీదికి పరుగెత్తాను. తట్ట అంచు అంత తొందరగా కాలుతుందని అనుకోలేదు. కుడిచేతి రెండు వేళ్ళు కాలాయి. కుండలోని నీళ్ళు తెచ్చి పోస్తే మంట ఆరింది. హమ్మయ్య అని వెనక్కి తిరిగానో లేదో, నీళ్ళలోనే మళ్ళీ అంటుకుంది. నాకు భయమేసింది అప్పుడే, మొదట మంట చిమ్మినప్పుడు కాదు. ఆరిపోయిన మంట దానంతటదే మళ్ళీ లేవడం నేనెప్పుడూ చూడలేదు.

ముసలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని దూరంగా నిలబడి, "గిసొంటిది జేబుల ఏసుకొని ఎట్ల తిరుగుతున్నవ్ బిడ్డా?" అంది.

అసలు అది ఎందుకు కాలిందో ఇప్పటికీ నాకు తెలియదు. ఫోన్లు బాగుచేసే అతన్ని అడిగితే, ఎప్పుడైనా కిందపడి ఉండొచ్చు, ఎండకు వేడెక్కి ఉండొచ్చు, చార్జరు మంచిది కాకపోయి ఉండొచ్చు అన్నాడు. మూడింటిలో ఏదో ఒకటని తేల్చి చెప్పి ఉంటే నా మనసు కుదుటపడేదేమో. అతను చెప్పలేదు. తెలిస్తే కదా చెప్పడానికి.

ఆ తర్వాత నేను మారిపోయాను. ఇంట్లో ఫోన్లు పరుపు మీద, సోఫా మీద చార్జింగుకు పెట్టడం మాన్పించాను. వరండాలో గచ్చు మీద పెట్టించి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. దుకాణానికి వచ్చిన వాళ్ళు మాట్లాడుతూ ఫోను కౌంటర్ మీద పెడితే, నాకు తెలియకుండానే చెయ్యి చాపి వేడిగా ఉందేమోనని ముట్టుకునేవాణ్ణి. కొందరు నవ్వేవారు. కొందరు అనుమానంగా ఫోను వెనక్కి లాక్కునేవారు.

"పాల మీద కావలున్నట్టు ఫోన్ల మీద కావలుంటున్నవ్" అనేది మా ఆవిడ. "ఒకటి కాలింది. అయిపోయింది. ఇంక ఎన్నొద్దులు గీ పరేషాను?"

నాకు మాత్రం అది అయిపోలేదు.

దసరా వెళ్ళాక విత్తనాల కంపెనీ వాళ్ళు టూరు ప్రకటించారు. వానాకాలంలో బాగా అమ్మిన డీలర్లను అండమాన్ తీసుకుపోతారట, జంటగా, విమానంలో. ఈ మాట విన్నప్పటి నుంచి మా ఆవిడ కాళ్ళు నేల మీద లేవు. మా ఇద్దరిలో ఎవరమూ అంతకుముందు విమానం ఎక్కలేదు. ఆమె రెండు కొత్త చీరలు తీసింది. చెప్పులు మార్చింది. సముద్రంలో దిగడానికి పంజాబీ డ్రెస్సు కుట్టించుకుంది. నేను మాత్రం ఏదో ఒక సాకు వెతుకుతున్నాను. యాసంగి, అదే రబీ, సరుకు దిగే సమయమన్నాను. దుకాణం ఎవరు చూస్తారన్నాను. చివరికి ఒకరోజు అసలు మాట బయటపెట్టాను.

"అంతమంది జేబులల్ల ఫోన్లుంటయి. ఒక్కటి అంటుకున్నా ఏం జేస్తరు?"

"బస్సుల పోతలేవా? బస్సుల ఫోన్లుండయా?"

"బస్సు ఆపి దిగొచ్చు."

ఆమెకు కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. "నీ పక్కకు నేను కూసుంట. పోదాం పా" అంది.

కంపెనీ నుంచి వాట్సాప్‌లో సూచనలు వచ్చాయి. పవర్ బ్యాంకులు పెద్ద బ్యాగుల్లో పెట్టొద్దు, చేతి సంచిలోనే ఉంచుకోవాలి అని అందులో ఒకటి. మిగతా డీలర్లు దాన్ని చదివి వదిలేసి ఉంటారు. నేను దాని గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. సామాన్ల గదిలో కాలితే ఎవరికీ కనబడదు. మనుషుల మధ్య కాలితే ఎవరో ఒకరు చూస్తారు. అంటే కాలే అవకాశం ఉందని వాళ్ళకూ తెలుసన్నమాట.

ప్రయాణం రోజు తెల్లవారుజామున మెదక్‌లో కంపెనీ పెట్టిన బస్సెక్కాం. అల్లాదుర్గ్‌లో పెద్ద దుకాణం ఉన్న డీలరు ఒకాయన మా వెనక సీట్లో కూర్చున్నాడు. పదూళ్ళలో భూములు, పలుకుబడి ఉన్న కుటుంబం. అందరూ పటేలా అనే పిలుస్తారు, నేనూ అంతే. నాకంటే పదేళ్ళు పెద్ద. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, చొక్కా జేబులో ఎప్పుడూ మోగే ఫోను. ఊళ్ళో సర్పంచి ఎన్నికలు దగ్గరపడ్డాయి. సీటు మహిళలకు వచ్చింది కాబట్టి తన భార్యను నిలబెడుతున్నాడు. అందుకే ఆమె టూరుకు రాలేదు. పటేలు ఒక్కడే వచ్చాడు.

రామాయంపేట దగ్గర చాయ్‌కి ఆపినప్పుడు ఆయన ఫోన్ను దగ్గర నుంచి చూశాను. వెనక మూత ఒక పక్క లేచి ఉంది. ఊడిపోకుండా రబ్బరు బ్యాండు వేసి ఉంది. మూత సందులోంచి లోపలి బ్యాటరీ పొట్ట ఉబ్బి కనిపిస్తోంది. చాయ్ పక్కన పెట్టి ఇంకా వంగి చూశాను.

"ఏంది తమ్మీ, నా ఫోను దిక్కు గట్ల సూస్తున్నవ్? కొంటవా?"

"పటేలా, లోపల బ్యాటరీ ఉబ్బింది."

"ఎండాకాలం సంది గట్లనే ఉంది. రబ్బరు ఏసిన. పనిజేస్తుంది."

"పనిజేస్తది గని ఎప్పుడో ఒకసారి కాలుతది. మార్పియ్యుండ్రి."

"ఎలక్షన్లు అయిపోనీ, మారుస్త. దుకాణంల ఇస్తె ఒక పూట బంద్ పెట్టాలంటుండు. ఒక పూట నా ఫోను కలువకపోతె ఊర్ల ఏమనుకుంటరు?" అని నవ్వి, చుట్టూ ఉన్న వాళ్ళకు వినబడేట్టు, "నీది కాలింది గదా, గందుకే నీకు అన్నీ కాలేటియే కనవడ్తున్నయి" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే బాగుండదు కదా.

శంషాబాద్ చేరేదాకా నా చూపు వెనక సీటు మీదే ఉంది. ఆయన గొంతు వినబడినంతసేపు ఫోను చెవి దగ్గర ఉందని లెక్క. ఆగితే జేబులో గుండె మీద ఉందని లెక్క. ఎయిర్‌పోర్టులో ఫోన్లన్నీ ట్రేలో పెట్టమన్నారు. ఎవరైనా ఇప్పుడు పట్టుకుంటారు, పక్కన పెట్టమంటారు, నా బరువు దిగిపోతుంది అనుకున్నాను. రబ్బరు బ్యాండుతో సహా ఫోను లోపలికి పోయి అవతల పక్క బయటికి వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. వెనక జనం తోసుకొస్తున్నారు. పటేలు దాన్ని జేబులో వేసుకుని ముందుకు నడిచాడు.

విమానంలో మా ముగ్గురికీ ఒకే వరుస వచ్చింది. కిటికీ దగ్గర మా ఆవిడ, మధ్యలో నేను, ఈ చివర పటేలు. తలుపులు వేసినా ఆయన ఫోను మాట్లాడుతూనే ఉన్నాడు. నేను ఒకసారి, రెండుసార్లు చెప్పాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి మాట్లాడుతూనే ఉన్నాడు. అప్పుడు మా ఆవిడ నా మీదుగా వంగి, "అన్నా, దిగేదాంక బంద్ పెట్టుండ్రి జర. మీ తమ్ముడు నన్ను బతకనిస్తలేడు" అంది.

"నీ కోసం పెడుతున్న చెల్లె, వీని కోసం గాదు" అని స్విచాఫ్ చేసి జేబులో వేసుకున్నాడు.

ఎయిర్ హోస్టెస్ నిలబడి చేతులూపుతూ జాగ్రత్తలు చెప్పింది. విమానం ఎక్కడం అలవాటున్నవాళ్ళు ఎవరూ తల ఎత్తలేదు. నేను ఒక్క మాట వదలకుండా విన్నాను. పవర్ బ్యాంకుతో చార్జింగు పెట్టొద్దు, ఫోను సీటు సందులో పడితే మీరు తీయొద్దు, సీటు కదపొద్దు, మమ్మల్ని పిలవండి అని ఇంగ్లిషులో, హిందీలో చెప్పారు.

విమానం లేచింది. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుని కిటికీలోంచి చూస్తూ, ఇళ్ళు అగ్గిపెట్టెల్లా ఉన్నాయని సంబరపడింది. కాసేపటికి నేల అయిపోయింది. కింద అంతా నీలం. ఆమెకు అది అందంగా కనబడింది. నాకు మాత్రం దిగడానికి చోటు లేదన్న సంగతి ఒక్కటే కనబడింది. ముందు వరుసలో ఒక కుర్రవాడు పవర్ బ్యాంకుకు ఫోను తగిలించి ఒళ్ళో పెట్టుకున్నాడు. చార్జింగు పెట్టొద్దని ఇందాకే చెప్పారు కదా అని నాకొచ్చిన హిందీలో అన్నాను. అతను చెవిలోంచి బిరడా లాంటి ఇయర్‌ఫోను తీసి, "క్యా?" అన్నాడు. మళ్ళీ చెప్పాను. విసుగ్గా వైరు పీకాడు. మా ఆవిడ నా మోచేయి గిల్లింది.

పటేలు షూ విప్పడానికి ముందుకు వంగాడు, మళ్ళీ వెనక్కి వాలి నిద్రపోయాడు. ఫోను అప్పుడే జారి ఉంటుంది. నేను ఆ వైపే చూస్తూ కూర్చున్నవాణ్ణి. ఆ ఒక్క క్షణం ఆ కుర్రవాడి ఒళ్ళోకి చూస్తున్నాను.

ఏదో కుదుపుకు పటేలుకు మెలకువ వచ్చింది. జేబు తడుముకున్నాడు. లేదు. కింద చూశాడు. సీటు పక్క సందులో చెయ్యి పెట్టాడు. అందలేదు. వెంటనే బటన్ నొక్కి సీటును వెనక్కి తోశాడు, ముందుకు లాగాడు, మళ్ళీ ఒళ్ళంతా బరువు పెట్టి వెనక్కి తోశాడు. లోపల ఎక్కడో కటుక్కుమంది.

నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. "కదలకుండ్రి పటేలా! సీటు కదిలియ్యకుండ్రి!"

నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు. విమానం మొత్తం మా వైపు తిరిగింది.

"చెయ్యి ఇడువు తమ్మీ. ఫోను పడ్డది, తీసుకుంట."

"సీటు కింద నలుగుతది. నలిగితె అంటుకుంటది."

"నీకేమన్న పిచ్చిలేసిందా? ఇడువు!"

ఆయన గింజుకుంటున్నాడు. నేను వదల్లేదు. పెద్దమనిషి చెయ్యి అలా పట్టుకుని కూర్చోవడం ఎంత తప్పుగా ఉంటుందో నాకు తెలుసు. ఈలోగా మా ఆవిడ పైన ఉన్న బటన్ నొక్కింది. ఇందాక చేతులూపిన అమ్మాయి వచ్చింది. తెలుగమ్మాయే.

"సార్, మీరు సీటు కదపకండి. మెల్లగా లేచి ఇటు వచ్చి నిలబడండి" అంది పటేలుతో. ఆమె గొంతులో తొందర లేదు. ఆయన లేచాడు. "ఫోన్ మంచి కండిషన్‌లోనే ఉందా సార్? పగలడం, ఉబ్బడం లాంటిదేమైనా?"

"మంచిగనే ఉంది" అన్నాడు పటేలు.

ఆమె నా వైపు చూసింది. నేను ఎందుకు అలా అరిచానో ఆమెకు అర్థమై ఉంటుంది.

"ఉబ్బింది మేడమ్" అన్నాను. "వెనక మూత లేసింది. రబ్బరు ఏసి ఉంది."

పటేలు నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేను. నలుగురిలో ఆయన మాట అబద్ధమని చెప్పినవాళ్ళు ఆయన జీవితంలో ఎవరూ ఉండి ఉండరు.

ఆ తర్వాత అంతా వేగంగా జరిగింది. ఆమె ఇంకొకరిని పిలిచింది. వయసులో పెద్దవాడైన ఒకతను పొడుగాటి గ్లౌజులు వేసుకుంటూ వచ్చాడు. మమ్మల్ని, మా ముందు వెనక వరుసల వాళ్ళని లేపి విమానం చివరికి పంపించారు. మా ఆవిడ సంచీ అందుకోబోతే వద్దన్నారు. ఇంకో అమ్మాయి నీళ్ళ సీసాలు ఒళ్ళో నింపుకుని పరుగున వచ్చింది. అతను సీటు మెత్తను పైకి లేపాడు. అప్పుడే ఆ వాసన నా ముక్కుకు తగిలింది. ఏసీ గాలిలో చాలా పలుచగా, గోళ్ళ రంగు వాసన.

"వస్తుంది" అన్నాను. "పొగ వస్తుంది సూడుండ్రి."

నిజంగానే వచ్చింది. సన్నటి దారంలా లేచి, చూస్తుండగానే బొగబొగా కమ్మింది. ఎవరో కేక పెట్టారు. ఒక పసిపాప ఏడ్చింది. దారి పొడుగునా జనం లేచి నిలబడి, చేతులెత్తి ఫోన్లతో వీడియోలు తీయడం మొదలుపెట్టారు. కాలుతున్న ఫోన్ను చూడటానికి అన్ని ఫోన్లు పైకి లేచాయి. "కూర్చోండి! అందరూ కూర్చోండి!" అని ఆ తెలుగమ్మాయి అరిచింది. ఆమె గొంతులో తొందర వినబడింది అప్పుడే. గ్లౌజులతను సీసా మీద సీసా పోశాడు. బుస్సుమన్న చప్పుడు మాకు వినబడింది. మంట మాత్రం లేవలేదు. ఒక లోతైన పెట్టెలో నీళ్ళు నింపి తెచ్చారు. వంగిపోయిన ఫోన్ను తీసి అందులో వేశారు. ఆ పెట్టెను రెండు చేతులా పట్టుకుని అతను మా పక్క నుంచే వెనక వంటగది మూలకు తీసుకుపోయాడు. నీళ్ళలోంచి బుడగలు వస్తున్నాయి.

మా ఆవిడ నా భుజం మీద తల పెట్టుకుంది. నా చొక్కా గుప్పిట పట్టి వదల్లేదు. ఆమెను కాలిన ఫోన్ల గురించి భయపెట్టడానికి నెలల తరబడి చూశాను. ఇప్పుడు ఆమె భయపడితే నాకేమీ బాగాలేదు.

మిగతా ప్రయాణమంతా ఆ తెలుగమ్మాయి పెట్టె పక్కనే నిలబడింది. నేను చివరి సీట్లో కూర్చుని నీళ్ళ వైపే చూస్తున్నాను. మా ఇద్దరి మధ్యా రెండడుగుల దూరం. మళ్ళీ అంటుకుంటుందా అని అడిగాను.

"వేడి లోపలే ఉండిపోతుంది సార్. అందుకే నీళ్ళలో వదిలేస్తాం, దిగేదాకా చూస్తూ ఉంటాం" అంది. "మీకెలా తెలిసింది?" అని అడిగింది.

"మా దుకాణంల ఒకటి కాలింది."

"మాకు ట్రైనింగ్‌లో చూపిస్తారు. నిజంగా చూడటం నాకిదే మొదటిసారి" అంది. నాకని ఒక గ్లాసులో నీళ్ళు పోసింది. ఆ గ్లాసు నాకివ్వడం మర్చిపోయి తనే తాగేసింది. తర్వాత అది చూసుకుని సిగ్గుపడి ఇంకోటి తెచ్చింది.

పోర్ట్ బ్లెయిర్‌లో దిగాక మొదట ఫైరింజన్ వాళ్ళు ఎక్కి పెట్టెను తీసుకుపోయారు. తర్వాత పటేలును ఒక గదిలోకి పిలిచారు. ఆయన నన్ను చూడకుండా వెళ్ళాడు. "ఆయన వెంబడి పో" అని మా ఆవిడ నన్ను తోసింది. వెళ్ళి పక్క కుర్చీలో కూర్చున్నాను. అధికారి నన్ను కూడా అడిగాడు. చూసింది చూసినట్టు చెప్పాను. కావాలని చేసింది కాదని కూడా చెప్పాను. ఉబ్బిన ఫోనుతో ఇంకెప్పుడూ విమానం ఎక్కొద్దని గట్టిగా చెప్పి పంపించారు.

అండమాన్‌లో ఉన్నన్నాళ్ళూ పటేలు నాతో మాట్లాడలేదు. భోజనాల దగ్గర వేరే బల్ల చూసుకునేవాడు. మా వాళ్ళు రెండు జట్లయ్యారు. నేను అరవకపోతే ఈపాటికి అందరం సముద్రంలో ఉండేవాళ్ళమని కొందరు. ఉబ్బిందని నలుగురి ముందు చెప్పి పెద్దమనిషిని గదిలో నిలబెట్టానని కొందరు. పడవలో ఎక్కించి గాజు అద్దంలోంచి చేపలు చూపించారు. పగడాలు చూపించారు. మా ఆవిడ అన్నీ చూసి ఆనందపడింది, విమానంలో పడ్డ భయం ఆ నీళ్ళలోనే కడుక్కుపోయినట్టు. నాకు చేపల కంటే ఎదురు బల్ల మీద పటేలే ఎక్కువ కనబడేవాడు. ఒకచోట కుదురుగా ఉండేవాడు కాదు. లేచేవాడు, నడిచేవాడు, ఎవరి ఫోను మోగినా తల తిప్పేవాడు. నన్ను నేను చూసుకుంటున్నట్టే ఉండేది.

ఒకరోజు పొద్దున మేము హోటల్ ముందు మెట్ల మీద కూర్చుని ఉంటే ఆయన వచ్చి మా ఆవిడ ముందు నిలబడ్డాడు.

"చెల్లె, నీ ఫోన్ జర ఇస్తవా? ఇంటికి మాట్లాడాలె. నోటికొచ్చిన నంబరు నా ఇంటామెది ఒక్కటే."

మా ఆవిడ వెంటనే ఇచ్చింది. ఆయనకు చెవి కొంచెం మందం. అందుకే స్పీకర్ పెట్టాడు. అవతల ఆయన భార్య గొంతు మాకు కూడా వినబడింది.

"ఎట్లున్నది ఊర్ల? నా ఫోన్ కలుస్తలేదని ఎవలన్న అంటుండ్రా?"

"ఎవలూ అంటలేరు. నీది కలువకపోతె సక్కగ నా దగ్గరికే వస్తుండ్రు. నిన్న ఆడోళ్ళంత వచ్చిండ్రు, బోరు సంగతి మాట్లాడినం. నువ్వు మంచిగ తిను, తిరుగు. ఫికర్ జెయ్యకు."

ఆయన ఫోను తిరిగిచ్చేసి మా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. మా ఆవిడ లోపలికి పోయి చాయ్ పంపిస్తానని లేచింది.

"తమ్మీ" అన్నాడు. "దుకాణంల నీ ఫోన్ కాలిననాడు నీకు మస్తు భయమైందా?"

ఆ మాట అంతవరకు నన్ను ఎవరూ అడగలేదు. ఎట్లా కాలింది, ఎంత పెద్ద మంట, కొత్త ఫోను కొన్నావా అని అడిగారు. నవ్వారు. భయమైందా అని మాత్రం ఎవరూ అడగలేదు. అంతా చెప్పాను. ఆరిన మంట మళ్ళీ లేవడం గురించి చెప్పాను. అప్పటి నుంచి ఏది ఆరిపోయినా ఆరిందని నమ్మలేకపోతున్నానని చెప్పాను.

ఆయన తలూపాడు. "సీటు కింద పొగ లేసినప్పుడు నాక్కూడ మస్తు భయమైంది. నిలవడ్డ గని, సీటు వట్టుకొని నిలవడ్డ. నీ మీద కోపం గాదు తమ్మీ. నువ్వు నా చెయ్యి వట్టుకుంటే, ఎందుకు వట్టుకున్నవో నాక్కూడ ఎరికే. ఎరికయ్యి కూడ గింజుకున్న."

"పటేలా, అందరి ముంగట అనకపోదును..."

"ఊకో. అనకపోతె ఏమయ్యేదో."

చాయ్ వచ్చింది, తాగాం. ఆయన రెండు చక్కెర పొట్లాలు వేసుకున్నాడు, మూడోది నాకు అందించాడు.

తిరుగు ప్రయాణంలో మళ్ళీ ఒకే వరుసలో కూర్చున్నాం. ఆయన జేబులో ఫోను లేదు. విమానం లేవకముందే నిద్రపోయాడు, గురక కూడా పెట్టాడు. మా ఆవిడ కూడా నిద్రపోయింది. నాకు నిద్ర రాలేదు. జాగ్రత్తలు చెప్పే అమ్మాయి ఈసారి వేరే. ఆమె చెప్పేది మళ్ళీ మొదటి నుంచి చివరిదాకా విన్నాను. ఈసారి మా బస్సు వాళ్ళు కొందరు తలెత్తి విన్నారు. అది చూసి కాస్త నిమ్మళించాననే చెప్పాలి. కానీ కింద నీళ్ళు కనబడగానే మళ్ళీ మొదలుపెట్టాను. ఎవరి ఒళ్ళో ఏముందో చూడటానికి మెడ అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

మెదక్‌కు వచ్చాక పనుల్లో పడ్డాను. యాసంగి సరుకు దిగింది. ఊళ్ళలో ఎన్నికలు జరిగాయి. పటేలు భార్య సర్పంచిగా గెలిచిందని అల్లాదుర్గ్ నుంచి వచ్చిన రైతు ఒకతను చెప్పాడు. అక్కడ ఏ పని ఉన్నా జనం ఆమెకే నేరుగా ఫోన్ చేస్తున్నారట, పటేలు దుకాణంలో కూర్చుంటున్నాడట.

ఆ వారంలోనే పటేలు నాకు ఫోన్ చేశాడు.

"తమ్మీ, నేనే. పాత నంబరే, ఫోన్ కొత్తది. చార్జింగు పెట్టి మాట్లాడుతలేను, పరుపు మీద పెడుతలేను. నువ్వు ఇంక ఫికర్ జెయ్యకు, నిమ్మళంగ ఉండు."

సరే పటేలా అన్నాను. కంపెనీ వాళ్ళు వచ్చే ఏడు ఎక్కడికి తీసుకుపోతారో, ఇద్దరం ఒకే వరుసలో కూర్చుందామని ఆయన అంటున్నాడు. నేను ఊఁ కొడుతూ వింటున్నాను. నా చెవి దగ్గర ఫోను వెచ్చగా ఉంది. మాట్లాడితే ఏ ఫోనైనా వెచ్చబడుతుంది, అది మామూలేనని నాకు తెలుసు. అయినా ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకుంటూనే మాట్లాడాను.